ఆగస్టస్ 'స్వర్ణయుగం': తలకిందులైన కార్యకారణం

ప్రాచీన రోమన్ సాహిత్యాన్ని పరిచయం చేసే పాఠ్యగ్రంథాల్లో ఒక వాక్యం దాదాపు తప్పనిసరిగా కనిపిస్తుంది: ఆగస్టస్ అంతర్యుద్ధాలను ముగించి శాంతిని నెలకొల్పాడు, ఆయన ఆంతరంగికుడు మెసీనస్ కవులను పోషించాడు, ఆ నీడలో లాటిన్ సాహిత్యం స్వర్ణయుగాన్ని చూసింది. ప్రభువు, శాంతి, పోషణ, కావ్యం అనే ఈ వరస వినసొంపుగానే ఉంటుంది. 'రాయల యుగం' వంటి విభజనకు అలవాటుపడిన తెలుగు విమర్శకు అది మరింత సహజంగా తోస్తుంది. కాని తేదీలను పక్కపక్కన ఉంచి చూస్తే ఆ వరస నిలవదు.

ముందుగా పేరు సంగతి. లాటిన్ సాహిత్య చరిత్రలో స్వర్ణయుగానికి హద్దులు గీసినవారిలో 19వ శతాబ్ది జర్మన్ పండితుడు టొయ్‌ఫెల్ ప్రముఖుడు. ఆయన లెక్కలో అది క్రీ.పూ. 83లో మొదలై క్రీ.శ. 14లో ముగుస్తుంది. ఆక్టేవియన్‌కు ఆగస్టస్ అనే బిరుదు దక్కింది క్రీ.పూ. 27లో. అంటే ఆ యుగంలో 56 ఏళ్లు, సగానికి మించిన కాలం, ఆ బిరుదు పుట్టకముందువే. లుక్రీషియస్, కటుల్లస్, సీజర్, సిసిరో, సల్లస్ట్ అందరూ అప్పటికే గతించారు. సిసిరో సహజంగా గతించలేదు. క్రీ.పూ. 43 డిసెంబరులో ఆయనను చంపించిన మరణజాబితాపై ఆంటొనీతో పాటు ఆక్టేవియన్ సమ్మతి కూడా ఉంది. లాటిన్ వచనానికి ప్రమాణమైన రచయిత తలను, చేతులను తెచ్చి, ఆయన ప్రసంగించిన వేదికమీదనే ప్రదర్శించారు. ఈ ఘటనలో భాగస్వామి అయిన వ్యక్తి పేరుతోనే సాహిత్య స్వర్ణయుగాన్ని వ్యవహరించడంలోని వైపరీత్యం పాఠ్యగ్రంథాలకు పట్టినట్టు లేదు.

ఇక 'ఆగస్టస్ కవులు'. వర్జిల్ క్రీ.పూ. 70లో, హొరేస్ 65లో జన్మించారు. వర్జిల్ పశుపాలక గీతాలు ఆక్టియం యుద్ధానికి, అంటే క్రీ.పూ. 31కి, ముందే వెలువడ్డాయి. వ్యవసాయ కావ్యం 29 నాటికి పూర్తయింది. హొరేస్ వ్యంగ్య కవితల రెండు సంపుటాలూ 30 నాటికే వచ్చాయి. ఈ రచనలకు ముడిసరుకు శాంతి కాదు. క్రీ.పూ. 42లో ఫిలిప్పీ యుద్ధం ముగిశాక, గెలిచిన సైనికులకు పంచడానికి ఇటలీలో రైతుల పొలాలను లాక్కున్నారు. ఆ పంపకం బాధ్యత ఆక్టేవియన్‌దే. పొలం పోగొట్టుకుని ఊరు విడిచిపోయే కాపరి గోడుతో వర్జిల్ తొలి గీతం మొదలవుతుంది. హొరేస్ అదే ఫిలిప్పీలో బ్రూటస్ పక్షాన పోరాడి ఓడి, తండ్రి ఇల్లూ పొలమూ పోగొట్టుకుని, ఆ పేదరికమే తనను పద్యాలవైపు నెట్టిందని చెప్పుకున్నాడు. ప్రొపెర్షియస్ తన మొదటి సంపుటాన్ని పెరూజియా ముట్టడిలో మరణించినవారి స్మృతితో ముగించాడు. ఆ ముట్టడి చేసిందీ ఆక్టేవియన్ సేనలే. పోషకుడు ఈ కవులకు ఇచ్చిన మొదటి కానుక నష్టం.

మెసీనస్ ఔదార్యాన్ని కాదనవలసిన పని లేదు. సాబైన్ కొండల్లోని క్షేత్రం హొరేస్‌కు తీరికను, భద్రతను ఇచ్చింది. అయితే తీరిక ఇవ్వడం వేరు, వాణిని ఇవ్వడం వేరు. ఈ కవుల వాణి ఎక్కువగా వినిపించేది నిరాకరణలోనే. యుద్ధగాథ రాయమంటే తమది చిన్న గొంతని తప్పుకోవడం వారిలో ఒక కావ్యమర్యాదగా స్థిరపడింది. తన ఉత్తరాలు రాసిపెట్టమని ఆగస్టస్ అడిగితే హొరేస్ ఒప్పుకోలేదు. తనను సంబోధిస్తూ హొరేస్ లేఖాకావ్యాలు రాయకపోవడాన్ని చక్రవర్తి నిష్ఠూరమాడాడని సుటోనియస్ నమోదు చేశాడు.

అసలు పరీక్ష వేరే ఉంది. ఆ పాలన సాహిత్యానికి ఏమి చేసిందో తెలియాలంటే, దానికి ముందే పెరిగినవారిని కాక, దానిలో పెరిగినవారిని చూడాలి. సిసిరో హత్య జరిగిన ఏడాదే పుట్టిన ఓవిడ్ అంతర్యుద్ధాన్ని పెద్దవాడిగా ఎరుగడు. ఆయన అచ్చంగా ఆగస్టస్ శాంతి బిడ్డ. క్రీ.శ. 8లో ఆయనను న్యాయస్థాన విచారణ గాని, సెనేట్ తీర్మానం గాని లేకుండా, చక్రవర్తి ఆజ్ఞతోనే నల్లసముద్రతీరంలోని టోమిస్‌కు పంపివేశారు. కారణాలు ఒక కావ్యం, ఒక పొరపాటు అని ఆయనే చెప్పాడు, పొరపాటేమిటో చెప్పలేదు. ప్రవాసంలో రాసిన ఒక కవితలో ఆయన పుస్తకమే రోమ్‌కు వచ్చి, ఆగస్టస్ కట్టించిన పాలటైన్ గ్రంథాలయంలో చోటు అడుగుతుంది. కాపలాదారు గెంటివేస్తాడు. పోషణకు సాక్ష్యంగా చూపే గ్రంథాలయానికి ఈ రెండో సాక్ష్యమూ ఉంది.

ఓవిడ్ ఒక్కడే అయితే అపవాదమని సరిపెట్టుకోవచ్చు. లాటిన్ ప్రణయ విలాపగీతికి ఆద్యుడైన కొర్నీలియస్ గాలస్, ఈజిప్టు పాలకుడిగా ఉండి, ఆగస్టస్ ఆగ్రహానికి గురై ఆత్మహత్య చేసుకున్నాడు. ఆయన కవిత్వం దాదాపు అంతా నశించింది. 1978లో నూబియాలోని కస్ర్ ఇబ్రీంలో దొరికిన పపైరస్ ముక్క కొద్ది పంక్తులను మాత్రమే తిరిగి ఇచ్చింది. ఆగస్టస్ చివరి ఏళ్లలో టైటస్ లాబియెనస్ చరిత్ర గ్రంథాలను సెనేట్ తీర్మానంతో తగులబెట్టారు. ఆయన తన పూర్వుల సమాధిలోకి వెళ్లి ప్రాణం విడిచాడు. ఆ పుస్తకాలు తనకు కంఠస్థం కనుక తననూ కాల్చాలని ఎత్తిపొడిచిన వక్త కాసియస్ సెవెరస్‌ను క్రీట్‌కు వెళ్లగొట్టారు.

దీనికి వచ్చే ప్రధానమైన ఆక్షేపం లివీ. పాంపీని మెచ్చుకున్నందుకు ఆగస్టస్ ఆయనను 'పాంపీ పక్షపాతి' అని పరిహాసం చేశాడే గాని శిక్షించలేదు. నిజమే. కాని పరిహాసంతో విడిచిపెట్టడం ప్రభువు ఇచ్చిన అనుగ్రహం, రచయితకు ఉన్న హక్కు కాదు. అనుగ్రహం ఎప్పుడు ఆగిపోతుందో లాబియెనస్ ఉదంతం చెబుతుంది. ఆగస్టస్ కాలచరిత్ర రాయగల ప్రతిభావంతులు లేకపోలేదని, పెరుగుతున్న ముఖస్తుతి వారిని వెనుదీసేటట్లు చేసిందని టాసిటస్ తన గ్రంథారంభంలోనే నిర్ధారించాడు.

అలాగని అంతర్యుద్ధమే సాహిత్యాన్ని పండించిందనే ఎదురువాదమూ అంగీకారయోగ్యం కాదు. కల్లోలం లేనిదే మహావక్తృత్వం లేదన్న మాటను టాసిటస్ తన సంభాషణలో మాటెర్నస్ నోట పలికించాడు. సిసిరో తల ఆ వాదానికి చాలినంత ఖండన. చెప్పదగినది ఇంతే: ఆ కవులు రిపబ్లిక్ నాటి బహిరంగ వాగ్వాదాల భాషను, దాని పతనం మిగిల్చిన గాయాన్ని వెంట తెచ్చుకున్నారు, కొత్త పాలన వారిని పొందింది, తయారు చేయలేదు. ఆ వారసత్వం తరువాతి తరానికి ఎందుకు అందలేదో ఆగస్టస్ ఇంట్లోనే తెలుస్తుంది. లివీ ప్రోత్సాహంతో యువకుడైన క్లాడియస్ సీజర్ హత్య మొదలుకొని చరిత్ర రాయడానికి పూనుకున్నాడు. ఆ ఏళ్ల గురించి ఉన్నదున్నట్టు రాసే స్వేచ్ఛ తనకు లేదని తల్లీ అవ్వల మందలింపుతో తెలుసుకుని, రెండు సంపుటాలతో ఆపి, అంతర్యుద్ధాలు ముగిసిన చోటు నుంచి మళ్లీ మొదలుపెట్టాడు.