గుర్రపు డెక్క పీల్చిన విషాన్ని ఎత్తేదెవరు?

పటాన్‌చెరు ప్రాంత రైతుకు నక్కవాగు కథ కొత్తగా చెప్పనక్కర్లేదు. 1970ల నుంచి ఫ్యాక్టరీలు వెలిశాయి. వాటి మురుగు వాగులో కలిసింది, వాగు మంజీరలో కలిసింది. పొలాలు పాడయ్యాయి, బావులు చెడ్డాయి. చివరకు 1990లో వ్యవహారం సుప్రీంకోర్టు కెక్కింది.

ఇలాంటి చోట్లకు కొందరు ఒక సులువు మందు చెబుతుంటారు. మురుగు నీళ్లలో గుర్రపు డెక్క, జమ్ము పెంచితే చాలునట, విష లోహాలు వాటంతటవే పోతాయట!

ఇందులో నిజం లేకపోలేదు. గుర్రపు డెక్క వేళ్లు సీసం, కాడ్మియం, నికెల్, పాదరసం వంటి లోహాలను పీల్చి పట్టుకుంటాయి. 1970లలోనే అమెరికాలో నాసా శాస్త్రజ్ఞులు పరీక్షలు చేసి ఈ సంగతి చూపారు. ఖర్చు తక్కువ, కరెంటుతో పని లేదు. సైన్సును కాదనే మూఢత్వం మనకు వద్దు.

కాని ఒక్క మాట మరువరాదు. లోహం కుళ్లేది కాదు, నశించేది కాదు. నీళ్లలోంచి మొక్కలోకి మారుతుంది, అంతే! మొక్కను ఎప్పటికప్పుడు తీయకపోతే అది కుళ్లి విషం మళ్లీ నీళ్లలోకే వస్తుంది. తీసి గట్టున పడేస్తే వానకు పొలంలోకి దిగుతుంది. ఎరువు చేస్తే పంటలోకి, పశువుకు మేపితే పాలలోకి వచ్చే ప్రమాదముంది. ఎండబెడితే బరువు తగ్గుతుంది గాని విషం తగ్గదు.

మరి ఆ మొక్కను తీసేదెవరు? యజమాని దిగడు, ఆఫీసరు దిగడు. ఒట్టి కాళ్లతో, ఒట్టి చేతులతో ఆ మురుగులో దిగేది మన కూలి అన్నలూ, అక్కలే!

కనుక మన డిమాండ్లు స్పష్టంగా ఉండాలి. మొదట లోహాలను ఫ్యాక్టరీ లోపలే సున్నం వగైరాలతో విడదీయాలి. మొక్కలు ఆ తర్వాతి వడపోతకు మాత్రమే. వాటిని ఫ్యాక్టరీ ఆవరణలో, నీరు కిందికి ఇంకకుండా కట్టిన తొట్లలో పెంచాలి. ఊరి చెరువును ప్రయోగశాల చేస్తే ఒప్పుకోరాదు. పనివారికి బూట్లు, గ్లౌజులు, వైద్య పరీక్షలు, తగిన కూలి ఇవ్వాలి. తీసిన మొక్కలను ప్రమాదకర వ్యర్థంగా లెక్కగట్టి భద్రంగా పూడ్చాలి. ఖర్చంతా యాజమాన్యాలదే. కాలుష్యం చేసినవాడే మూల్యం చెల్లించాలని 1996లో సుప్రీంకోర్టే చెప్పింది.

మొక్కలు పెడతామని ఎవరైనా మీ ఊరికి వస్తే మంచిదే, రానివ్వండి. అయితే, తీసిన మొక్క ఎక్కడికి పోతుందో, ఎవరు మోస్తారో గ్రామసభలో నిలదీసి అడగండి. లాభం వాళ్ల ఖాతాలో, విషం మన కంచంలో అంటే ఆ లెక్క చెల్లదు!