ముసలి ఓడ, ముసలి నావికులు

రేవు లేని ఒడ్డున టాంకులను దింపడం ఎలా? రెండవ ప్రపంచయుద్ధంలో మిత్రరాజ్యాలకు ఎదురైన చిక్కు ఇది. దానికి జవాబే ఎల్.ఎస్.టి. అనే ఓడ. పొడవు 328 అడుగులు, అడుగుభాగం బల్లపరుపు. తిన్నగా ఒడ్డుకెక్కి, ముక్కుదగ్గరి తలుపులు బార్లా తెరిస్తే టాంకులు ఇసుకమీదికి దిగిపోవడమే! నడక మాత్రం నత్తనడక. శత్రువుకు ఇంతకన్న సులువైన గురి లేదని నావికులే వేళాకోళం చేసేవారు.

అలాంటి ఓడల్లో 325వ నెంబరుది 1942లో ఫిలడెల్ఫియాలో నీళ్ళలోకి దిగింది. సిసిలీ, సలెర్నో, నార్మండీ తీరాల పోరాటాలు చూసింది. 1944 డిసెంబరు 28న టార్పెడో దెబ్బతిన్న ‘ఎంపైర్ జావెలిన్’ ఓడలోని దాదాపు 700 మందిని కాపాడడంలో తోడ్పడింది. 1964లో గ్రీసు నౌకాదళానికి వెళ్ళి, 1999 దాకా కొలువు చేసింది.

ఆ తరువాత తుక్కు కింద పోవలసినదే. కాని అమెరికాలోని మాజీ నావికులు కొందరు ఊరుకోలేదు. 2000లో గ్రీసుకు వెళ్ళి, ఓడను తామే బాగుచేసుకున్నారు. వారి సగటు వయస్సెంతో తెలుసా? 72 ఏళ్ళు! మనవలను ఆడించుకోవలసిన ఆ తాతలు నడి చలికాలంలో అట్లాంటిక్ దాటి, 2001 జనవరి 10న అలబామా రాష్ట్రంలోని మొబీల్ రేవు చేరారు.

ఆ ఓడ ఇప్పుడు ఇండియానా రాష్ట్రంలోని ఎవాన్స్‌విల్‌లో ప్రదర్శనశాలగా ఉంది. యుద్ధకాలంలో ఆ ఊరు ఇలాంటి ఓడలు 167 కట్టి ఇచ్చింది.

ఓడనైనా, మనిషినైనా మూల కూర్చోబెట్టే ముందు ఒక్కమాట అడిగి చూడడం మంచిదేమో!