దోస్త్ సీటు చేతిలో, ఎప్‌సెట్ సీటు మనసులో: సైన్స్ చదవాలనుకునేవాళ్లు ఈ మధ్య వారాల్లో ఏం చేయాలి?

ఇంటర్ ఎంపీసీ పాసయ్యారు. ఎప్‌సెట్‌లో ర్యాంకు వచ్చింది కానీ, ఆ ర్యాంకుకు ఏ బ్రాంచి వస్తుందో, ఏ కాలేజీ వస్తుందో ఎవరూ కచ్చితంగా చెప్పడం లేదు. మీకేమో ఫిజిక్స్ అంటే ఇష్టం. అంతలో ఫోన్‌కి దోస్త్ మెసేజ్ వచ్చింది. బీఎస్సీలో సీటు కేటాయించామని, ఫలానా తేదీలోగా సెల్ఫ్ రిపోర్టింగ్ చేయాలని దాని సారాంశం. 'ఇంజినీరింగ్ సంగతి తేలనివ్వు, అప్పటిదాకా ఆగుదాం' అంటున్నారు నాన్న.

పురానాపూల్, జియాగూడ, ధూల్‌పేట, హుస్సేనీఆలం వైపు చాలా ఇళ్లలో వేసవి చివర ఇదే చర్చ. ఆగడం తప్పు కాదు. దోస్త్ సీటును గాలికొదిలేసి ఆగడం మాత్రం తప్పు. ఈ రెండింటికీ తేడా ఏమిటో, ఎదురుచూసే రోజుల్లో ఏం చేయాలో చూద్దాం.

ఒకే విద్యార్థి, నాలుగు క్యాలెండర్లు

దోస్త్ అంటే తెలంగాణలో డిగ్రీ ప్రవేశాల ఆన్‌లైన్ వ్యవస్థ. రాష్ట్ర ఉన్నత విద్యామండలి ఆధ్వర్యంలో 2016లో మొదలైంది. ఉస్మానియా, కాకతీయ వంటి రాష్ట్ర విశ్వవిద్యాలయాల పరిధిలోని డిగ్రీ కాలేజీల్లో చాలావరకు సీట్లను దీని ద్వారానే నింపుతారు. ఇంజినీరింగ్‌కు ఎప్‌సెట్ కౌన్సెలింగ్ ఉంది. ఐఐటీలు, ఎన్‌ఐటీలకు జోసా ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ లాంటి చోట్ల అయిదేళ్ల సైన్స్ కోర్సులకు సీయూఈటీ స్కోరు చూస్తారు. నాలుగూ నాలుగు వేర్వేరు వ్యవస్థలు. ఒకదాని తేదీలతో ఇంకోదానికి సంబంధం లేదు.

2025 లెక్కే తీసుకోండి. తెలంగాణ ఇంటర్ ఫలితాలు ఏప్రిల్ 22న వచ్చాయి. దోస్త్ తొలి విడత రిజిస్ట్రేషన్లు మే 3న మొదలై, సీట్ల కేటాయింపు మే 29న జరిగింది. డిగ్రీ తరగతులు జూన్ 30న ప్రారంభమని క్యాలెండర్‌లో పెట్టారు. సీయూఈటీ ఫలితాలు జూలై 4న వచ్చాయి. జోసా ఆరు రౌండ్లు జూలై మధ్యదాకా సాగాయి. ఎప్‌సెట్ ఫలితాలు మే 11నే వచ్చినా, ఇంజినీరింగ్ తొలి విడత సీట్ల కేటాయింపు తేదీ జూలై 18.

అంటే డిగ్రీలో పాఠాలు మొదలయ్యాక రెండున్నర వారాలకు గానీ ఇంజినీరింగ్ తొలి సీటు ఖరారు కాదు. ఆ తర్వాత రెండో విడత, తుది విడత ఉండనే ఉన్నాయి. తేదీలు ఏటా కాస్త అటూ ఇటూ జరుగుతాయి. అందుకే ఈ ఏడాది నోటిఫికేషన్లు నాలుగూ పక్కపక్కన పెట్టుకుని, ఒకే కాగితం మీద అన్ని తేదీలూ రాసి ఇంట్లో అందరికీ కనిపించేలా అంటించండి.

దోస్త్‌లో సీటు ఎలా నిలుస్తుంది, ఎలా పోతుంది?

సీటు కేటాయించినంత మాత్రాన అది మీది అయిపోదు. గడువులోగా ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేస్తేనే నిలుస్తుంది. చేయకపోతే ఆ సీటు పోతుంది. తర్వాతి విడతలో మళ్లీ ఆప్షన్లు పెట్టుకోవచ్చు గానీ, అదే కాలేజీలో అదే కోర్సు దొరుకుతుందన్న భరోసా లేదు.

చాలామందికి తెలియని సంగతి ఇంకోటి ఉంది. మొదటి విడతలో సెల్ఫ్ రిపోర్టింగ్ చేసినవాళ్లు కూడా రెండో విడతలో ఇంకా మంచి కాలేజీ కోసం ఆప్షన్లు పెట్టుకోవచ్చు. కొత్త సీటు రాకపోతే పాతది అలాగే ఉంటుంది. వస్తే మాత్రం పాతది ఆటోమేటిక్‌గా పోతుంది. కాబట్టి రెండో విడతలో, ఇప్పుడు చేతిలో ఉన్న సీటు కంటే నిజంగా మెరుగైనవి మాత్రమే పెట్టండి. 'ఊరికే చూద్దాం' అని పెట్టిన ఆప్షన్ వచ్చిందంటే వెనక్కి వెళ్లే దారి ఉండదు.

ఆప్షన్ల వరుస కూడా ముఖ్యమే. కంప్యూటర్ పై నుంచి కిందికి చూసుకుంటూ వెళ్తుంది. మీ మార్కులకు, రిజర్వేషన్‌కు సరిపోయే మొదటి చోట ఆగుతుంది. కాబట్టి 'ఇది వస్తుందా' అన్న అంచనాతో కాదు, 'ఇదే నాకు కావాలి' అన్న వరుసలో పెట్టండి. రాదేమో అనుకున్న కాలేజీని పైన పెట్టినందువల్ల నష్టమేమీ లేదు. నాలుగైదు ఆప్షన్లతో సరిపెట్టుకుంటేనే ఏ సీటూ రాకుండా పోయే ప్రమాదం ఉంది.

మరో చిక్కు ఆధార్‌తో వస్తుంది. రిజిస్ట్రేషన్‌కు ఆధార్‌తో లింక్ అయిన మొబైల్ నంబరు కావాలి. పాతబస్తీలో ఒకే పేరును టెన్త్ మెమోలో ఒక స్పెల్లింగ్‌తో, ఆధార్‌లో ఇంకో స్పెల్లింగ్‌తో రాసి ఉండటం మామూలే. ఎప్పుడో తీసుకున్న సిమ్ మారిపోయి, ఆధార్‌లో పాత నంబరే ఉండిపోవడం కూడా మామూలే. గడువు చివరి రోజు ఓటీపీ రాకపోతే చాలా ఇబ్బంది. ఫలితాల కోసం ఆగకుండా ఏప్రిల్‌లోనే ఆధార్ కేంద్రానికి వెళ్లి సరిచేయించుకోండి. మీసేవలో కుల, ఆదాయ ధ్రువపత్రాలకూ అప్పుడే దరఖాస్తు చేయండి.

ఎదురుచూపు ఖర్చు అందరికీ ఒకటేనా?

కాదు. డబ్బున్న ఇల్లు ముందే ఒక ప్రైవేటు కాలేజీలో అడ్వాన్సు కట్టి సీటు పట్టుకుంటుంది, ఇంకా మంచిది వస్తే ఆ డబ్బు వదులుకుంటుంది. రోజు కూలీ మీదో, పురానాపూల్ కూరగాయల బండి మీదో నడిచే ఇల్లు అలా చేయలేదు. ఆ ఇంటికి ప్రభుత్వ వ్యవస్థే దిక్కు. అందులో ఒక గడువు తప్పితే ఏడాది పోవచ్చు.

దోస్త్ రిజిస్ట్రేషన్ ఫీజునే చూడండి. మొదటి విడతలో 200 రూపాయలు, తర్వాతి విడతల్లో 400 రూపాయలు తీసుకుంటున్నారు. మొత్తం చిన్నదే. కానీ ఆలస్యానికి రెట్టింపు కట్టాల్సి వచ్చేది ఎక్కువగా సమాచారం ఆలస్యంగా అందినవాళ్లే.

ఫీజు రీయింబర్స్‌మెంట్ లెక్క కూడా ముందే వేసుకోండి. నగరాల్లో కుటుంబ వార్షికాదాయం 2 లక్షల రూపాయల లోపు ఉంటేనే ఇది వర్తిస్తుందనేది చాలాకాలంగా ఉన్న నిబంధన. అర్హత ఉన్నా ప్రభుత్వం నుంచి కాలేజీకి డబ్బు వెంటనే అందుతుందని లేదు. బకాయిల కోసం 2025లో ప్రైవేటు కాలేజీల యాజమాన్యాలు బంద్‌కు పిలుపునిచ్చేదాకా వెళ్లాయి. ప్రైవేటు కాలేజీలో చేరే ముందు 'రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైతే ముందు మేమే కట్టాలా?' అని అడగండి. జవాబు కాగితం మీద తీసుకోండి.

చేరాక వదిలి వెళ్లాలనుకుంటే?

దోస్త్ సీటులో చేరితే సర్టిఫికెట్లు ఇరుక్కుపోతాయన్న భయమే చాలామందిని ఆపుతుంది. ఈ విషయంలో యూజీసీ 2018 అక్టోబరులో స్పష్టమైన నోటిఫికేషన్ ఇచ్చింది. కాలేజీ ఒరిజినల్ సర్టిఫికెట్లను మీ ఎదుటే పరిశీలించి వెంటనే తిరిగి ఇవ్వాలి, తన దగ్గర ఉంచుకోకూడదు. సొంత సంతకంతో ఉన్న జిరాక్స్ కాపీలు మాత్రం తీసుకోవచ్చు.

ఫీజు వాపసుకూ అందులో లెక్క ఉంది. ప్రవేశాలకు ప్రకటించిన ఆఖరి తేదీకి 15 రోజులు లేదా అంతకంటే ముందే వదులుకుంటే మొత్తం ఫీజు వెనక్కి ఇవ్వాలి. అందులోంచి ప్రాసెసింగ్ పేరుతో 5 శాతానికి, అదీ 5,000 రూపాయలకు మించకుండా పట్టుకోవచ్చు. ఆఖరి తేదీకి 15 రోజుల లోపు అయితే 90 శాతం, ఆ తేదీ దాటాక 15 రోజుల వరకు 80 శాతం, 16 నుంచి 30 రోజుల మధ్య 50 శాతం వాపసు ఇవ్వాలి. నెల దాటితే ఏమీ రాదు. వెళ్లిపోవాలని నిర్ణయించుకుంటే నోటిమాటతో సరిపెట్టకుండా దరఖాస్తు రాసి, తేదీ వేయించిన రసీదు తీసుకోండి. రోజుల లెక్కకు ఆ తేదీయే ఆధారం.

ఏ కాలేజీ, ఏ కాంబినేషన్?

పురానాపూల్‌లో ఉంటే మంచి డిగ్రీ కోసం చాలా దూరం వెళ్లక్కర్లేదు. 1578లో కుతుబ్‌షాహీల కాలంలో కట్టిన ఆ వంతెన దగ్గర నుంచి మూసీ వెంట నయాపూల్ వైపు వస్తే, హైకోర్టు పక్కనే ప్రభుత్వ సిటీ కాలేజీ ఉంది. అమ్మాయిలకు హుస్సేనీఆలంలో ప్రభుత్వ మహిళా డిగ్రీ కాలేజీ ఉంది. కోఠిలో వీరనారి చాకలి ఐలమ్మ మహిళా విశ్వవిద్యాలయం ఉంది. బస్సెక్కితే బషీర్‌బాగ్‌లో నిజాం కాలేజీ.

రాష్ట్రంలో ఏటా డిగ్రీ సీట్లు పెద్ద సంఖ్యలో మిగిలిపోతున్నాయి. కాబట్టి ఏదో ఒక సీటు దొరకడం సమస్య కాదు. మంచి ల్యాబ్, శాశ్వత అధ్యాపకులు ఉన్న చోట మీకు కావలసిన కాంబినేషన్ దొరకడమే కష్టం. ఆప్షన్లు పెట్టే ముందు కాలేజీకి వెళ్లి మూడు ప్రశ్నలు అడగండి. ఈ కాంబినేషన్ నిరుడు నిజంగా నడిచిందా? ఫిజిక్స్, మ్యాథ్స్ చెప్పేవాళ్లు ఎందరున్నారు? ప్రాక్టికల్స్ వారానికి ఎన్ని గంటలు జరుగుతాయి? ఆఫీసులో కాకుండా రెండో సంవత్సరం విద్యార్థులను అడిగితే నిజమైన జవాబు దొరుకుతుంది.

బీఎస్సీ ఫిజిక్స్ ఇంజినీరింగ్ కంటే తేలికా?

ఇది పెద్ద అపోహ. ఉస్మానియాలో ఇటీవలి సంవత్సరాల బీఎస్సీ ఫిజిక్స్ సిలబస్ చూడండి. మొదటి సెమిస్టర్‌లో యాంత్రిక శాస్త్రం, డోలనాలు. తర్వాత వరసగా ఉష్ణ భౌతిక శాస్త్రం, విద్యుదయస్కాంత సిద్ధాంతం, తరంగాలు, కాంతి శాస్త్రం, ఆధునిక భౌతిక శాస్త్రం. పక్కనే మ్యాథ్స్‌లో కలన గణితం, అవకలన సమీకరణాలు, ఆ తర్వాత రియల్ అనాలిసిస్, ఆల్జీబ్రా.

మొదటి సెమిస్టర్ ఫిజిక్స్‌లో మొదటి యూనిట్టే వెక్టర్ అనాలిసిస్. గ్రేడియంట్, డైవర్జెన్స్, కర్ల్ అక్కడే వస్తాయి. మూడో సెమిస్టర్ విద్యుదయస్కాంతమంతా దాని మీదే నిలబడుతుంది. ఇప్పుడు పైన చెప్పుకున్న క్యాలెండర్‌ను గుర్తు చేసుకోండి. ఇంజినీరింగ్ సీటు వస్తుందా రాదా అని ఫోన్ చూసుకుంటూ గడిపే జూలై నెలలోనే డిగ్రీ క్లాసులో ఈ పాఠం నడుస్తుంటుంది. చివరికి ఇంజినీరింగ్ రాక ఆగస్టులో మనసు పెట్టి కూర్చుంటే, పునాది పాఠం దాటిపోయి ఉంటుంది. ఎదురుచూపులో కనిపించని నష్టం ఇదే.

ఇంటర్‌లో సూత్రాలు బట్టీ పట్టి మార్కులు తెచ్చుకున్నవాళ్లకు ఇక్కడ మొదటి దెబ్బ తగులుతుంది. తెలుగు, ఉర్దూ మీడియంల నుంచి ఇంగ్లిష్ మీడియానికి వచ్చేవాళ్లకు పదాల బరువు అదనం. కష్టపడి దాటినవాళ్లకు దారులున్నాయి. ఐఐటీల్లో ఎమ్మెస్సీకి జామ్, రాష్ట్ర వర్సిటీల్లో పీజీకి సీపీగెట్, టీచరు కావాలంటే బీఈడీకి ఎడ్‌సెట్. కానీ అన్నిటిలోనూ అడిగేది ఈ పునాది పాఠాలనే.

ఈ వారాల్లో ఏం చేయొచ్చు?

రోజుకు రెండు గంటలు చాలు. మొదటి రెండు వారాలు ఇంటర్ కలన గణితం, సదిశలు మళ్లీ చేయండి. పుస్తకం మూసి, లెక్క ఎందుకు అలా వచ్చిందో ఇంట్లో ఎవరికైనా మీ మాటల్లో చెప్పగలిగితే అది వచ్చినట్టు. తర్వాత పాక్షిక అవకలనాలు, గ్రేడియంట్ మొదలుపెట్టండి. స్వయం, ఎన్‌పీటీఈఎల్ వేదికల్లో వీడియో పాఠాలు ఉచితంగా చూడొచ్చు. మీడియం మారేవాళ్లు ఒక నోట్‌బుక్ పెట్టుకుని, రోజుకు పది పదాల చొప్పున మీ భాషలోనూ ఇంగ్లిష్‌లోనూ పక్కపక్కన రాసుకోండి.

ఇంట్లో చదువుకునే చోటు లేకపోతే మూసీ దాటి అఫ్జల్‌గంజ్ వెళ్లండి. 1891లో మొదలైన రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం అక్కడే ఉంది. ఉస్మానియా సిలబస్‌ను ఫోన్‌లో డౌన్‌లోడ్ చేసుకుని, మొదటి సెమిస్టర్ పేజీలు ప్రింట్ తీసుకుని వెళ్తే ఏ పుస్తకం తీయాలో తెలుస్తుంది.

ఈ చదువు వృథా పోదు. ఇంజినీరింగ్ వచ్చినా మొదటి ఏడాది మ్యాథ్స్, ఫిజిక్స్‌లో ఇవే పనికొస్తాయి.

వ్యవస్థ చేయాల్సింది ఏమిటి?

విద్యార్థులు నాలుగు క్యాలెండర్లను కాగితం మీద అతికించుకోవాల్సిన అవసరం అసలు రాకూడదు. దోస్త్, ఎప్‌సెట్ కౌన్సెలింగ్ రెండూ రాష్ట్రం చేతిలోనివే. కనీసం ఈ రెండింటి తేదీలనైనా ఒకేసారి ప్రకటించి, ఇంజినీరింగ్ తొలి కేటాయింపు తర్వాత డిగ్రీ తరగతులు మొదలుపెడితే సగం గందరగోళం తగ్గుతుంది. అది కుదరకపోతే, ఇంజినీరింగ్ రాక ఆలస్యంగా మనసు కుదిరినవాళ్ల కోసం ప్రభుత్వ కాలేజీల్లో ఆగస్టులో రెండు వారాల బ్రిడ్జి తరగతులు పెట్టొచ్చు. దానికి కొత్త భవనాలు అక్కర్లేదు.

అప్పటిదాకా మీరు గుర్తుంచుకోవాల్సింది ఇదే. దోస్త్‌లో సీటు వస్తే గడువులోగా సెల్ఫ్ రిపోర్టింగ్ చేయండి. ఎప్‌సెట్ కోసం ఎదురుచూడండి. తరగతులు మొదలైన రోజు నుంచీ క్లాసులో కూర్చోండి. జూలై మూడో వారంలో ఇంజినీరింగ్ కబురు వచ్చేసరికి ఫిజిక్స్ మొదటి యూనిట్ మీకు అర్థమైందో లేదో మీకే తెలిసిపోతుంది. ఏ దారిలో వెళ్లాలన్న ప్రశ్నకు ర్యాంకు కంటే అది మంచి జవాబు కావచ్చు.