బడి అడవి కాదు

విద్యారంగాన్ని ఆవరణ వ్యవస్థగా చూడాలన్న వాదన విధాన పత్రాల్లోనూ సదస్సుల్లోనూ బాగా చెల్లుబాటవుతోంది. సర్కారు బడి, ప్రైవేటు బడి, కోచింగ్ సెంటర్, పాఠాల యాప్, అన్నీ ఒకే అడవిలోని జాతులట. పైనుంచి పెత్తనం తగ్గితే వ్యవస్థ తనంతట తానే సర్దుకుంటుందట. ఈ పోలిక జీవశాస్త్రానికీ చదువుకూ కూడా అన్యాయం చేస్తోంది.

ఆవరణ వ్యవస్థ అనే భావనను 1935లో ప్రతిపాదించినవాడు బ్రిటిష్ వృక్షశాస్త్రవేత్త ఆర్థర్ టాన్స్‌లీ. వృక్ష సముదాయం ఒక మహాజీవిలా పెరిగి పరిపక్వమవుతుందన్న ఫ్రెడరిక్ క్లెమెంట్స్ సిద్ధాంతాన్ని విమర్శిస్తూనే ఆయన దాన్ని ముందుకు తెచ్చాడు. తనను తాను చక్కదిద్దుకునే మహాజీవి మళ్లీ విద్యా చర్చల్లోకి రావడం విచారకరం. పోటీ వైవిధ్యాన్ని పెంచుతుందన్న నమ్మకమూ నిలవదు. ఒకే పాత్రలో ఒకే ఆహారంపై రెండు పారమీసియం జాతులను పెంచితే వాటిలో ఒకటి అంతరించిపోతుందని రష్యన్ శాస్త్రవేత్త గాస్ 1934 నాటికే చూపించాడు.

అసలు తేడా మరొకటి ఉంది. అడవికి లక్ష్యం లేదు. టేకు చెట్టు కింద రాలిన గింజల్లో ఏ కొన్నో మానులవుతాయి, తక్కినవి పోతాయి. దాన్ని అడవి వైఫల్యమని ఎవరూ అనరు. బడి మానేసిన పిల్ల విషయంలో అలా అనుకోవడానికి వీల్లేదు. 2002 నాటి 86వ రాజ్యాంగ సవరణ 6 నుంచి 14 ఏళ్ల పిల్లలందరికీ చదువును ప్రాథమిక హక్కు చేసింది. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. పిల్లలు 60 మంది లోపే ఉన్నా ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు టీచర్లు ఉండాలని ఆ చట్టం షెడ్యూల్ చెబుతోంది.

అయినా ఏకోపాధ్యాయ పాఠశాలలు పోలేదు. అలాంటి బడిలో ఒకటో తరగతి చేత అక్షరాలు దిద్దించే టీచరే రెండో తరగతికి లెక్కలు చెప్పాలి, యాప్‌లో హాజరు వేయాలి, మధ్యాహ్న భోజనం చూసుకోవాలి. ఆ టీచర్ మండల కేంద్రంలో మీటింగుకు వెళితే ఆ పూట చదువు లేనట్టే. ఇది చూసిన తల్లిదండ్రులు అప్పు చేసైనా పిల్లల్ని ప్రైవేటు బడి బస్సెక్కిస్తారు. పిల్లలు తగ్గారని రేషనలైజేషన్‌లో పోస్టు తీసేస్తారు, చివరికి బడికి తాళం పడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 నాటి జీవో 117 కింద 3, 4, 5 తరగతులను హైస్కూళ్లకు తరలించినప్పుడు ఊళ్లలో తల్లిదండ్రులు ఆందోళనకు దిగింది ఇలాంటి భయంతోనే. ఈ క్రమంలో ప్రకృతి సహజమైనది ఒక్కటీ లేదు. ప్రతి మెట్టులోనూ ఒక ఉత్తర్వో, భర్తీ చేయని ఒక ఖాళీయో ఉంటుంది. ఆవరణ వ్యవస్థ భాష వాటిని కనపడకుండా చేస్తుంది. బడి మూతపడటాన్ని ఆకు రాలినంత మామూలు సంగతిగా చెబుతుంది.

పిల్ల చదువు ఇల్లు, వీధి, తల్లిదండ్రుల పని, ప్రభుత్వ విధానం, అన్నింటితోనూ ముడిపడి ఉంటుందన్న మాట నిజమే. మనస్తత్వ శాస్త్రవేత్త యూరీ బ్రాన్‌ఫెన్‌బ్రెన్నర్ 1979లోనే దాన్ని వివరంగా చెప్పాడు. కానీ ఆయన చిత్రంలో కేంద్రం పిల్ల, మార్కెట్ కాదు. అన్నీ ముడిపడి ఉన్నాయన్నంత మాత్రాన బాధ్యత అందరికీ పంచి ఎవరికీ లేకుండా చేయడం కుదరదు. విద్యాహక్కు చట్టం 8వ సెక్షన్ పిల్లల ప్రవేశం, హాజరు, ప్రాథమిక విద్య పూర్తి, ఈ మూడింటి పూచీనీ ప్రభుత్వం మీదే పెట్టింది. 9వ సెక్షన్ స్థానిక సంస్థలకూ అదే బాధ్యత అప్పగించింది.