ఏది వింత? ఏది మామూలు?

పొద్దున్నే పేపరు రాగానే అందరూ మొదటి పేజీ చూస్తారు. నేను మాత్రం లోపలి పేజీల్లో, ఏ మూలనో గీతల మధ్య బిగించి వేసే చిన్న వార్తలు వెతుక్కుంటాను. రెండు తలల దూడ, పాలు కారే వేపచెట్టు, వానల కోసం కప్పల పెళ్ళి, ముహూర్తం పెట్టి మరీ చేయించుకున్న సిజేరియన్. వీటిని కత్తిరించి ఒక నోటుపుస్తకంలో అంటించడం చాలా యేళ్ళుగా అలవాటు. సమాజశాస్త్రం చదివినదాన్ని కాబట్టి ఇదేదో పరిశోధన అనుకుంటారు స్నేహితులు. నిజానికి సరదాకే మొదలుపెట్టాను.

ఈ మధ్య ఆ పుస్తకాన్ని మొదటినుంచీ తిరగేస్తే నా సరదా కాస్తా తగ్గిపోయింది. దూడలూ వేపచెట్లూ పోగా మిగిలినవాటిలో చాలా భాగం ఆడవాళ్ళ కడుపు గురించినవే. ఒకే కాన్పులో నలుగురు, లేటు వయసులో కాన్పు, వరసగా ఆరుగురు ఆడపిల్లల తర్వాత మగపిల్లవాడు. ఎవరి కడుపులో ఏం జరిగినా అది ఊరందరూ చూడాల్సిన తమాషా అన్నట్టు రాస్తారు. చదివి, 'అబ్బ!' అనుకుని పేజీ తిప్పేస్తాం. నేనూ తిప్పేశాను, అన్ని యేళ్ళూ.

నా పుస్తకంలో అన్నిటికంటే పెద్ద కత్తిరింపు 2019 సెప్టెంబరుది. గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో 74 యేళ్ళ స్త్రీ కవల ఆడపిల్లల్ని కన్నది. ఐ.వి.ఎఫ్. పద్ధతిలో గర్భం, ఆపరేషన్ చేసి కాన్పు. అండం వేరే స్త్రీది. ఇది ప్రపంచ రికార్డు అని ఆసుపత్రివారు ప్రకటించారు. టీవీలు పొద్దుగూకులూ అదే చూపించాయి. తర్వాత సంతాన సాఫల్య వైద్యుల సంఘాలే ఇది వైద్యనీతికి విరుద్ధమని తప్పుపట్టాయి. దాంతో ఆ వయసులో పిల్లలేమిటి అని ఆమె మీద విసుర్లు మొదలయ్యాయి. ముందు వింత, తర్వాత వెక్కిరింత.

ఆమెతో నాకు ఏ తగాదా లేదు. 1962లో పెళ్ళయిన మనిషి. యాభై యేడేళ్ళు పిల్లలు లేని ఇల్లాలిగా ఊళ్ళో బతికింది. గొడ్రాలన్న మాట పడ్డానని, ఇక ఎవరూ తననా మాట అనలేరని ఆమే పత్రికలవాళ్ళతో చెప్పుకుంది. వార్తంతా ఆ ఒక్క మాటలోనే వుంది. సీమంతానికీ బారసాలకీ పిలవకపోవడం, ప్రయాణమై వెళ్ళేవాళ్ళకి ఎదురు రావద్దనడం, పసిపిల్లని ఎత్తుకోబోతే చంకలోంచి లాక్కోవడం, ఇవన్నీ మన ఇళ్ళల్లో మన కళ్ళముందు జరుగుతున్నవే. లోపం భర్తలో వున్నా మాట పడేది భార్యే. ఆ మాటను డెబ్భై నాలుగేళ్ళ వయసులో కత్తికోతకు సిద్ధపడి తప్పించుకోవాల్సి వచ్చిందంటే, నా లెక్కలో వింత ఆ యాభై యేడేళ్ళది. దాని మీద ఏ పత్రికా సంపాదకీయం రాసినట్టు నేను చూడలేదు. తొమ్మిది నెలలదే వార్త అయింది.

అదే 2019లో ఇంకో కత్తిరింపు. మహారాష్ట్రలోని బీడ్ జిల్లా. చెరుకు కొట్టడానికి వలస వెళ్ళే కూలీ స్త్రీలలో చాలామందికి గర్భసంచి తీసేశారని, 'గర్భసంచులు లేని ఊళ్ళు' అని వార్తలు వచ్చాయి. మూడేళ్ళలో ఆ జిల్లాలో 4,605 గర్భసంచి ఆపరేషన్లు జరిగాయని ఆ రాష్ట్ర చట్టసభలోనే చెప్పారు. చెరుకు కొట్టే పనికి మొగుడూ పెళ్ళాలను కలిపి ఒక కొడవలి కింద లెక్క కడతారు. ఒక రోజు మానితే మేస్త్రీ జరిమానా వేస్తాడు. బహిష్టు నొప్పి వచ్చినా, రక్తస్రావం ఎక్కువైనా కూలీ పోవడంతో సరిపోదు, ఎదురు డబ్బు కట్టాలి. గుడారాల దగ్గర మరుగుదొడ్డి వుండదు, నీళ్ళు వుండవు. చివరికి ఆ సంచే లేకపోతే పోలే అన్నచోటికి వస్తారు. తెలుగు పత్రికలు దీన్ని ఎక్కడో దూరదేశపు వింత లాగే వేశాయి.

దూరం ఎందుకు? 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. 15 నుంచి 49 యేళ్ళ లోపు స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి మూడుకి కాస్త పైన. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది, తెలంగాణలో ఎనిమిదికి దగ్గర. రాష్ట్రాలన్నిటిలో మొదటి రెండు స్థానాలు మన రెండు తెలుగు రాష్ట్రాలవే. ఇది రికార్డు కాదా? దీనికి గీతల మధ్య చోటు ఎందుకు దొరకలేదు? ఎందుకంటే ఇది మనకి మామూలు. ప్రతి వీధిలో ఒకరిద్దరున్న విషయం వింత ఎలా అవుతుంది?

కొన్నేళ్ళ కిందట మెదక్ జిల్లాలో ఒక ఊరికి వెళ్ళినప్పుడు, ముప్ఫై దాటని ఒక రైతుకూలీ నాతో అన్న మాట ఇప్పటికీ చెవిలో వుంది. 'పిల్లలయినంక గా సంచితోని ఏం పని మేడమ్? వుంచుకుంటె క్యాన్సరయితదన్నడు డాక్టరు.' ఆమెకు వున్నది తెల్లబట్ట, నడుంనొప్పి. మందులతో తగ్గించదగ్గవేమో ముందు చూడాల్సినవి. ఊళ్ళో ఆర్.ఎం.పి. ఆటో ఎక్కించి పట్నం పంపాడు. అక్కడ స్కానింగ్ తీసి, సంచికి పుండు వుందన్నారు. వారం తిరక్కుండా ఆపరేషన్ అయిపోయింది. పంపినవాడికి అందాల్సిన వాటా అందింది. ఆమెకు మిగిలినవి అప్పు, ఒళ్ళంతా ఆవిర్లు, మోకాళ్ళ నొప్పులు. సంచితో పాటు అండాశయాలు కూడా తీసేశారా అని అడిగితే ఆమెకు తెలీదు. కాగితాల్లో వుందేమో చూడండి మేడమ్ అని ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చిచ్చింది. బిల్లులున్నాయి. ఏం తీశారో రాసిన కాగితం లేదు. అండాశయాలు కూడా పోతే ముప్ఫై యేళ్ళకే ముట్లుడిగినట్టవుతుందని, ఎముకలు పలచబడతాయని, గుండెకు కూడా ముప్పు పెరుగుతుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక ఈ ఆపరేషన్ల డబ్బు కొంత ప్రభుత్వం చేతుల్లోంచే ప్రైవేటు ఆసుపత్రులకు వెళ్ళింది. పేదలకు వైద్యం అందాలన్నదానికి నేను వ్యతిరేకిని కాను. కానీ రోగానికి కాకుండా ఆపరేషన్‌కి డబ్బిచ్చే పథకంలో, ఎవరి శరీరం గురించి అడిగేవాళ్ళు తక్కువో వారి మీదే కత్తి ముందు పడుతుంది. ఇలాంటి అనవసరపు ఆపరేషన్ల మీద బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్ రాష్ట్రాల అనుభవాలతో 2013లో సుప్రీంకోర్టులో పిటిషన్ వేస్తే, 2023 ఏప్రిల్‌లో తీర్పు వచ్చింది. కేంద్రం తయారుచేసిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలులో పెట్టమని రాష్ట్రాలన్నిటికీ కోర్టు చెప్పింది. ఈ తీర్పు నా నోటుపుస్తకంలో లేదు. నేను చదివే పేపర్లో కత్తిరించుకోవడానికి వీలైనంత వార్త రాలేదు.

ఇక ఆవు కథ. 2025 మార్చిలో, మహిళా దినోత్సవ సందర్భంలో, విజయనగరం ఎంపీ ఒక ప్రకటన చేశారు. మూడో బిడ్డను కన్న తల్లికి ఆడపిల్లయితే 50,000 రూపాయలు, మగపిల్లవాడయితే ఆవు. పేపర్లన్నీ ముసిముసి నవ్వులతో వేశాయి. మా ఇంట్లోనూ నవ్వారు. ఆడపిల్లకే ఎక్కువిస్తున్నారు కదా, మీ స్త్రీవాదులకి ఇంకేం కావాలి అని ఒక బంధువు నన్ను ఆటపట్టించాడు.

ఈ ఆవు వెనక వున్న చరిత్ర అంత నవ్వుకునేది కాదు. 1994 పంచాయితీరాజ్ చట్టం ఇద్దరికంటే ఎక్కువ పిల్లలున్నవారు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదన్నది. పిల్లల్ని కనాలా వద్దా అన్న నిర్ణయం తన చేతిలో లేని స్త్రీ, ఆ నిర్ణయానికి శిక్షగా సర్పంచి పదవి వదులుకోవాల్సి వచ్చింది. మహిళా రిజర్వేషన్ వచ్చిన కాలంలోనే ఈ ముడి కూడా పడిందని గుర్తుంచుకోవాలి. ముప్ఫై యేళ్ళ తర్వాత, 2024 అక్టోబరులో ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు గారు ఇద్దరికంటే ఎక్కువ పిల్లలున్నవారే పోటీకి అర్హులయ్యేలా చట్టం తేవాలన్న ఆలోచన బయటపెట్టారు. నవంబరులో శాసనసభ పాత నిబంధనను ఎత్తేసింది. ఎత్తేయడం మంచిదే. కానీ నిన్నటిదాకా కనొద్దని, ఇవాళ కనమని. అప్పుడూ అడగలేదు, ఇప్పుడూ అడగలేదు. జనాభా ముసలిదవుతోందని, పనిచేసే చేతులు కావాలని, పార్లమెంటు సీట్లు తగ్గుతాయని చెప్తున్నారు. ఆ కొరత తీర్చాల్సిన మనిషికి పురిటి సెలవు వుందా, బిడ్డను వదిలి పనికి పోవడానికి శిశు సంరక్షణ కేంద్రం వుందా అన్నది ఆవు పక్కన పెట్టి చూడండి.

ఇంకో సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో 15-49 యేళ్ళ మధ్య వివాహిత స్త్రీలలో దాదాపు 70 శాతం కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవారే అని 2019-21 సర్వే చెప్పింది. మగవాళ్ళు ఒక శాతం కూడా లేరు. ఇరవై అయిదు నిండకముందే ఆపరేషన్ అయిపోయినవాళ్ళు ఎంతోమంది. వాళ్ళకి ఇప్పుడు ఆవునిస్తాం, కను అంటే ఎక్కణ్ణుంచి కంటారు? మళ్ళీ ఐ.వి.ఎఫ్. ఆసుపత్రికే కదా.

ఇదంతా ఒక పత్రికలో పనిచేసే మిత్రుడితో అన్నాను. ఆయన ఓపికగానే విన్నాడు. 'ఆ మూలన వేసేవి పాఠకులు కాస్త నవ్వుకోవడానికండీ. వాటిలో కూడా మీరు పితృస్వామ్యం వెతికితే మేం ఎలా బతకాలి?' అన్నాడు. ఆయన బాధ నాకు అర్థమైంది. పేజీ నింపాలి, టైము లేదు, ఆసుపత్రివాళ్ళే ఫొటోతో సహా వార్త పంపిస్తారు. అదే నేను అడిగేది కూడా. ఆసుపత్రి పంపిన వార్త ఆసుపత్రికి ప్రకటన. డబ్బు కట్టి వేయించుకోవాల్సిన ప్రకటన వింత పేరుతో ఉచితంగా అచ్చవుతోంది. ఎంత ఖర్చయింది, ఎన్నిసార్లు విఫలమైంది, తల్లికి ఏ ప్రమాదాలు చెప్పారు, ఎవరి సంతకం తీసుకున్నారు? ఈ నాలుగు ప్రశ్నలూ అడిగితే వార్త ఇంకో పది లైన్లు పెరుగుతుంది, అంతే.

గుంటూరు కాన్పు తర్వాత రెండేళ్ళకి, 2021లో, సహాయక పునరుత్పత్తి చట్టం వచ్చింది. ఇప్పుడు ఈ చికిత్సకి స్త్రీకి 50, పురుషుడికి 55 వయసు హద్దు. అండం ఇచ్చే స్త్రీ వయసు 23కీ 35కీ మధ్య వుండాలి, జీవితంలో ఒక్కసారే ఇవ్వాలి, ఆమెకు బీమా చేయించాలి. ఈ షరతులు చదివినప్పుడు నోటుపుస్తకం తీసి 2019 కత్తిరింపు మళ్ళీ చూశాను. తల్లి వయసు వుంది, తండ్రి గురించి వుంది, డాక్టర్ల ఫొటో వుంది, పిల్లల బరువు కూడా వుంది. అండం ఇచ్చిన స్త్రీ గురించి 'దాత' అన్న ఒక్క మాట. పేరు అక్కర్లేదు, దాచాల్సిందే. ఆమె వయసెంత, ఎన్ని ఇంజెక్షన్లు చేశారు, ఎంత ఇచ్చారు, ఎన్నోసారి ఇస్తోంది, తర్వాత ఒంట్లో ఎలా వుంది? ఆ పేజీ అంచున పెన్సిలుతో ఈ ప్రశ్నలు రాసిపెట్టాను.