సరకుమూటకు సంఖ్య: మన వర్తకుల కర్తవ్యము

బళ్ళారి నుండి సరకు బయలుదేరవలెనన్న పూర్వము మూటపై సిరాతో మార్కాయు వరుస సంఖ్యయు వ్రాసి, లారీ ఆఫీసులో రసీదు పుచ్చుకొన్న చాలియుండెను. గుమాస్తా చేతివ్రాత, హమాలీ జ్ఞాపకశక్తి, అవతలి వర్తకుని నమ్మకము, ఈ మూడింటి బలముతో సరకు గమ్యము చేరుచుండెడిది. నేడు ఆ మూడింటి స్థానమును నల్లగీతలు గల ఒక చిన్న చీటీ ఆక్రమించినది. దీనినే బార్‌కోడు అందురు. ఆన్‌లైను అంగళ్ళ ద్వారా పోవు పార్సిలు ఈ చీటీ లేనిదే కదలదు. తపాలా శాఖవారు 2025లో రిజిస్టర్డు పోస్టును స్పీడు పోస్టులో విలీనము చేసిరి. టపాలో పోవు మూట జాడ తెలియుటకు ఇక ఆ చీటీ మీది సంఖ్యయే ఆధారము. కనుక ఇది పెద్ద కంపెనీల గొడవ, మనకేమి యని ఊరకుండు కాలము గడచిపోయినది.

ఈ విషయమున మన వర్తకులలో రెండు విధముల మాటలు వినవచ్చుచున్నవి. “ఈ తలనొప్పి మనకేల? కమీషను ఇచ్చి ఏజెంటుకు అప్పగించిన అతడే చీటీ అంటించి పంపుకొనును” అని కొందరు పెద్దలు. “వెంటనే ప్రింటరు, స్కానరు, కంప్యూటరు కొని అంగడిలో పెట్టవలెను” అని యువకులు. ఇరువురి మాటలోను కొంత నిజము లేకపోలేదు. కాని బార్‌కోడు అనునది యంత్రము కొనుటతో వచ్చునది కాదు, లెక్క సరిగా ఉంచుకొనుటతో వచ్చునది అని మా దృఢాభిప్రాయము. లెక్క మన చేతిలో ఉన్నంతకాలము సరకుపై పేరు మనది. లెక్కను పరుల కప్పగించినచో కొంతకాలమునకు పేరును వారిదే యగును.

మొదట ఈ సంఖ్యలు రెండు విధములని గ్రహింపవలెను. ఒకటి మూట సంఖ్య, రెండవది సరకు సంఖ్య. మూట సంఖ్య ఆ ఒక్క ప్రయాణమునకే చెల్లును. స్పీడు పోస్టు చీటీని చూడుడు. ముందు రెండు ఇంగ్లీషు అక్షరములు, పిదప తొమ్మిది అంకెలు, చివర మన దేశమును తెలుపు ‘ఐఎన్’ అను రెండక్షరములు, మొత్తము 13 ఉండును. ప్రపంచ తపాలా సమితి ఏర్పరచిన పద్ధతి ఇది. తొమ్మిది అంకెలలో చివరిది తప్పు పట్టు అంకె. మొదటి ఎనిమిది అంకెలను వరుసగా 8, 6, 4, 2, 3, 5, 9, 7 చేత గుణించి, లబ్ధములను కూడి, మొత్తమును 11 చేత భాగింపగా వచ్చిన శేషమును 11 నుండి తీసివేసిన ఆ అంకె లభించును. ఉదాహరణమునకు 10203040 అను సంఖ్యకు మొత్తము 61, శేషము 6, తప్పు పట్టు అంకె 5. శేషము 0 గాని 1 గాని అయినప్పుడు మాత్రము వేరు నియమము కలదు. చేతితో వ్రాయునపుడు ఒక అంకె మారినచో యంత్రము దానిని చాలవరకు పట్టివేయును. రాత్రి అంగడి కట్టుటకు ముందు చిట్టా మొత్తమును సరిచూచు మన గుమాస్తాల పనియే ఇచ్చట ఒక అంకె చేయుచున్నది. ఇందులో భయపడవలసిన మాయ ఏమియు లేదు.

సరకు సంఖ్య వేరు. ఇది సామాన్యముగా 13 అంకెలది. వస్తువు ఎన్ని చేతులు మారినను ఇది మారదు. మన దేశమున ఈ సంఖ్యలను 1996లో స్థాపింపబడిన జీఎస్‌వన్ ఇండియా అను సంస్థ ఇచ్చుచున్నది. అవి 890తో ఆరంభమగును. 890 ఉన్నచో వస్తువు భారతదేశమున తయారైనట్లే యని పలువురి నమ్మకము. అది సరికాదు. సంఖ్యను ఇచ్చిన సంస్థ ఈ దేశమున ఉన్నదని మాత్రమే దాని అర్థము. కొలతకొక సంఖ్య, రంగుకొక సంఖ్య వలయును. మన ఊరి జీన్సు ప్యాంటు ఒకే మాదిరిది ఆరు కొలతలలో, మూడు రంగులలో కుట్టినచో 18 సంఖ్యలు కావలెను. తక్కువ వెలకు సంఖ్యలు అమ్ముదుమని చెప్పువారు ఇంటర్‌నెట్టులో కనబడుదురు. అట్టి సంఖ్య వేరొక కంపెనీ పేర నమోదై యుండవచ్చును. పెద్ద అంగడివారు సరిచూచిన దినమున మన సరకు తిరుగుటపాలో వచ్చును.

జీన్సు పరిశ్రమ బళ్ళారికి దేశమంతట పేరు తెచ్చినది. కత్తిరించువారొకరు, కుట్టువారొకరు, కాజాలు వేయువారొకరు, ఉతుకువారొకరు. ఇన్ని ఇండ్ల శ్రమ ఒక ప్యాంటులో ఉన్నది. తుదకు దానిపై సంఖ్య ఎవరి పేర ఉన్నదో వారే లోకము దృష్టిలో ఉత్పత్తిదారులు. తన పేర సంఖ్య లేని కుటుంబము ఎంత మంచి పనిచేసినను కూలికి కుట్టునదిగానే మిగిలిపోవును.

ఇక సరిహద్దు జిల్లావారమైన మనకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి కలదు. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్ర రాష్ట్రమునకును, బళ్ళారి మైసూరు రాష్ట్రమునకును పోయినవి. చుట్టరికములు మాత్రము విడిపోలేదు. వ్యాపారమును విడిపోలేదు. కాని పన్నుల చట్టము గీతను గీతగానే చూచును. కర్ణాటకమున సరకులమ్ము వర్తకుని సాలుసరి అమ్మకము 40 లక్షల రూపాయలు మించనిచో సామాన్యముగా జీఎస్టీ నమోదు అక్కరలేదు. 2023 అక్టోబరు 1 నుండి అట్టి చిన్న వర్తకులు ఆన్‌లైను అంగళ్ళలో గూడ అమ్ముకొనవచ్చును. అయితే పొరుగు రాష్ట్రమునకు అమ్మరాదు. దూరమున నున్న బీదరునకు ప్యాంటు పంపవచ్చును. సుమారు 50 కిలోమీటర్ల దూరమున నున్న గుంతకల్లునకు పంపరాదు! కాంపోజిషను పద్ధతిలో పన్ను కట్టువారికిని ఇదే నిర్బంధము. కనుక సరిహద్దు దాటి ఆన్‌లైనులో అమ్మదలచినవారు చీటీల ప్రింటరు కొనుటకు ముందే సాధారణ పద్ధతిలో జీఎస్టీ నమోదు చేయించుకొనవలెను. 50,000 రూపాయలకు మించిన సరకు రాష్ట్రము దాటునపుడు ఈ-వే బిల్లు ఉండవలెనను సంగతి 2018 ఏప్రిల్ 1 నుండి మనకు తెలిసినదే.

చిరునామా విషయమునను జాగ్రత్త అవసరము. 1972 ఆగస్టు 15న వచ్చిన పిన్‌కోడులో మొదటి అంకె 5 మనకును ఆంధ్ర, తెలంగాణములకును సమానమే. రెండవ అంకెలోనే భేదము. బళ్ళారి 583101, గుంతకల్లు 515801. ఒకే పేరుగల పల్లెలు సరిహద్దునకు ఇరువైపుల కలవు. ఊరి పేరు చూచి, పిన్‌కోడును ఊహించి వ్రాసినచో చీటీ ఎంత చక్కగా అచ్చయినను మూట దారి తప్పును. యంత్రము మనము వ్రాసినదానినే చదువును గాని మన మనసులోనిదానిని చదువదు.

సిద్ధపడు క్రమమును గూర్చి మా సలహా ఇది. మొదట అంగడిలోని సరకుల పట్టీ వ్రాయవలెను. ఒక వస్తువునకు ఒకే పేరు. తండ్రి ఒక పేర, కుమారుడు మరియొక పేర పిలుచు సరకునకు ఏ సంఖ్యయు నిలువదు. పిదప పంపిన పార్సిళ్ళకు ఒక ఖాతా ఉంచవలెను. తేదీ, బిల్లు సంఖ్య, మూట సంఖ్య, తూకము, పిన్‌కోడు, చేరిన తేదీ అను ఆరు గళ్ళు చాలును. సరకు తిరిగివచ్చిన గాని, పోయిన గాని ఆ పంక్తియే మన సాక్ష్యము. ఈ రెండును ఒక నెల తప్పులేక నడచిన తరువాతనే యంత్రముల మాట. ఆరంభమున స్కానరు అక్కరలేదు. సెల్‌ఫోను కెమెరాయే చదువగలదు. సాధారణపు ప్రింటరుపై తెల్లకాగితమున అచ్చువేసి అంటించినను పనిచేయును.

చీటీ అంటించుటలోను మెలకువలు కలవు. తెలుపుపై నలుపు ఉత్తమము. స్కానరులలో పెక్కు ఎర్రని కాంతితో చదువును గాన ఎర్రగీతలు వాటికి కనబడవు. గీతలకు ఇరుప్రక్కల తెల్లని ఖాళీ విడువవలెను. మూట మడతపైనను, కుట్టుపైనను, అంచుపైనను అంటింపరాదు. గీతలపై మెరయు టేపు వేసినచో కాంతి చెదరి చదువుట కష్టమగును. వేడిచే నల్లబడు కాగితపు చీటీలు మన ఊరి వేసవికి తగినవి కావు. ఎండలో నిలిచిన లారీలో అవి మాసిపోవచ్చును. దూరము పోవు సరకునకు రిబ్బనుతో అచ్చువేయు చీటీ మేలు.

ఇక భాష. గీతలకు భాష లేదు గాని, వాటిని పుట్టించు ఫారములకు భాష కలదు. అవి మన ముసలి వర్తకులకును, ఇంటివద్ద అప్పడములు, పచ్చళ్ళు చేసి పంపు మన స్త్రీలకును అర్థము కాకున్నచో ఏజెంటే గతి యగును. కన్నడము నేర్చుట మన ధర్మము. తరతరములుగా నేర్చియే యున్నాము. అయినను పార్సిలు పోయిన ఫిర్యాదును తన తల్లిభాషలో వ్రాసికొనుట పౌరుని హక్కు. కేంద్రమునగాని రాష్ట్రమునగాని వాడుకలోనున్న ఏ భాషలోనైనను అధికారులకు కష్టము నివేదించుకొనవచ్చునని రాజ్యాంగపు 350వ అధికరణము చెప్పుచున్నది. తపాలా శాఖకును ఇది వర్తించును. ఈ హక్కును వినియోగింపనిచో అది కాగితముపైననే ఉండును.

కావున మన సంఘమునకు మూడు పనులు సూచించుచున్నాము. సంఘపు గదిలో ఒక చీటీల ప్రింటరు ఉంచి, చిన్న వర్తకులకు ఖర్చుమాత్రము తీసికొని అచ్చువేసి యీయవలెను. చదువుకొన్న యువకులు వారమునకు రెండు సాయంకాలములు కూర్చుండి సరకుల పట్టీలు, పార్సిళ్ళ ఖాతాలు వ్రాయుట నేర్పవలెను. ఇందు కన్నడ సోదరులను గూడ ఆహ్వానింపవలెను. పార్సిలు ఫారములను పూర్తిచేయు విధమును తెలుపు చిన్న పుస్తకమును తెలుగున అచ్చువేసి, అట్టిదే పోస్టాఫీసులోను లభించునట్లు బళ్ళారి విభాగపు తపాలా అధికారులకు మహజరు సమర్పింపవలెను.

మన తాతలు మూటపై వేసిన మార్కాను చూచి అవతలి ఊరి వర్తకుడు మూట విప్పకయే వెల కట్టుచుండెనని పెద్దలవలన విందుము. ఆ గౌరవము సిరా వలన వచ్చినది కాదు, సరియైన తూకము, సరియైన లెక్క వలన వచ్చినది. గీతల చీటీకిని అదియే మూలధనము. వచ్చు సర్వసభ్య సమావేశమునకు ప్రతి వర్తక కుటుంబము తన సరకుల పట్టీని వ్రాసికొని తేవలెనని కోరుచున్నాము.