వీపున సంచి, నెత్తిన మూట

ఖరగ్‌పూర్ పట్టణంలోని ఇందా నుంచి అండమాన్ యాత్రకు బయలుదేరే యువకునికి మొదటి మజిలీ కలకత్తా. అక్కడ ఓడ ఎక్కితే మూడు నాలుగు రోజులకు పోర్ట్ బ్లెయిర్. 2024లో ఆ రేవు శ్రీ విజయపురమైంది. అక్కడికి సుమారు 40 కిలోమీటర్లలో హేవ్‌లాక్ దీవి. 2018లో దానికి స్వరాజ్ ద్వీప్ అని పేరు పెట్టారు.

వీపున సంచితో దేశదేశాల యువతీయువకులు అక్కడ దిగుతారు. వెదురు గుడిసెలలో బస, పగడపు దిబ్బల నడుమ ఈత, వెన్నెలలో విందు, పాట. 2004లో ‘టైమ్’ పత్రిక మెచ్చిన రాధానగర్ తీరం అక్కడిదే.

ఆ రాధ పేరు యాత్రికులు పెట్టినది కాదు. 1950లలో తూర్పు పాకిస్తాన్ నుంచి తరలివచ్చిన బెంగాలీ కాందిశీకులను ప్రభుత్వం ఆ దీవిలో స్థిరపరచింది. వారు అడవి కొట్టి, వరి నాటి, కొబ్బరి పెంచారు. రాధానగర్, కృష్ణనగర్, గోవిందనగర్ వారి ఊళ్ళు.

యాత్రికునికి అది నాలుగునాళ్ళ విడిది; వారికి అదే ఇల్లు. రైల్వే కొలువులకై మూటాముల్లెతో తరలివచ్చిన పెద్దలు గల ఖరగ్‌పూర్ తెలుగువారికి ఈ భేదం వేరే చెప్పనక్కరలేదు. అర్ధరాత్రి పాట మోతాదు మించితే నిద్ర చెడేది తెల్లవారి పొలానికి వెళ్ళవలసిన వానికి. తీరాన వదిలిన చెత్త ఎత్తవలసినదీ ఆ ఊరివారే.